ఏడో అంతస్తు పిసినారి

“నా ఖాతాలోంచి ఆ టిప్పు తీసేయండి.”

ఓడ కౌంటర్ ముందు నిలబడి ఆ మాట అన్న మనిషికి సిగ్గన్నది మచ్చుకైనా లేదు. వెనక వరసలో ఉన్న ఎతెల్వినా చెవులు రిక్కించింది.

ఓడలో నోట్లు చెల్లవు. కాఫీ తాగినా, ఫోటో కొన్నా గది తాళంగా పనికొచ్చే ప్లాస్టిక్ కార్డు గీకాల్సిందే. గదులు ఊడ్చేవాళ్ళకి, వడ్డించేవాళ్ళకి ఇచ్చే టిప్పు కూడా రోజూ ఆ కార్డు మీదే పడిపోతుంది. వద్దనుకుంటే అడిగి తీయించుకోవచ్చు. పరువున్నవాళ్ళెవరూ అడగరు.

“మొత్తం తీసేయమంటారా?” అన్నాడు కౌంటర్ అతను.

“మొత్తం. ఒక్క సెంటు కూడా ఉంచకండి.”

టిప్పు వద్దన్నామె పేరు నెలీడా. పెరూ మనిషి. ఏడో అంతస్తులో ఎతెల్వినా గదికి ఎదురు గది. బ్యాంకు కార్డు కూడా లేనట్టుంది, నలిగిన డాలర్లు లెక్కపెట్టి ఖాతాలో జమ చేయించుకుంది.

ఎతెల్వినా పెదవి విరిచింది. పనామాలో మూడు ఇనుప సామాన్ల కొట్లు నడిపిన విధవరాలు ఆమె. ఏటా ఓడెక్కుతుంది. బ్యాంకు కార్డు గది లాకర్లో, పెద్ద నోట్లు రవికెలో, టిప్పులకి చిన్న నోట్లు చేతిసంచిలో. కార్డు మీద పడే టిప్పు పడగా, పైన మళ్ళీ చేతికిస్తుంది. డబ్బుండటం గొప్ప కాదు, తీయడం తెలియాలి అంటుంది.

“చూశావా వదినా, ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం!” అంది భోజనాల దగ్గర ఆడపడుచు రుఫీనాతో.

“పోనిద్దూ వదినా, లేక కాబోలు.”

“లేనిదానికి ఓడ షికారెందుకు? ఇంట్లో కూర్చుని కోడి పులుసు తాగొచ్చుగా!”

నెలీడా పిసినారితనం అంతటితో ఆగలేదు. కార్తహేనా రేవులో అందరూ ఊరు చూడ్డానికి దిగారు. ఆమె దిగలేదు. అరూబాలోనూ అంతే. దిగితే డబ్బులు వదులుతాయని గదిలోనే కూర్చుంది. ఊరికే కూర్చున్నా బాగుండేది. గదులు చూసే ఎల్మెర్‌ని చీటికీ మాటికీ పిలిచేది. తువ్వాళ్ళు చాల్లేదంటుంది. దిండు గట్టిగా ఉందంటుంది. సబ్బు మార్చమంటుంది, మంచు ముక్కలు తెమ్మంటుంది. టిప్పు మాత్రం సున్నా.

ఎల్మెర్‌దీ పెరూనే. తన దేశపువాడన్న జాలి కూడా ఆ మహాతల్లికి లేకపోయింది.

పిలిచినప్పుడల్లా అతను పరిగెత్తుకొచ్చేవాడు. విసుక్కునేవాడు కాదు. ఒకరోజు రుఫీనాకి కడుపు తరుక్కుపోయింది.

“కాసేపు కూర్చుని కాఫీ తాగు నాయనా.”

“వద్దమ్మా. పని మీద తప్ప ప్రయాణికుల దగ్గర నిలబడకూడదు. పైవాళ్ళు చూశారంటే ఉద్యోగం పోతుంది. ఎంతమందికి పోయిందో!”

అంత భయంలో బతికేవాడి మీద నెలీడా ఒక్క ఫిర్యాదు పడేస్తే ఏం కావాలి? ఎతెల్వినాకి ఆ దిగులు పట్టుకుంది.

కురసావ్ రేవులో దిగిన ఎతెల్వినా ఎండ తట్టుకోలేక ముందే ఓడకి వెనక్కొచ్చేసింది. నడవాలో ఎవరూ లేరు. నెలీడా గది తలుపు తెరుచుకుంది. తువ్వాళ్ళ మోపుతో ఎల్మెర్ బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజానికేసి ముఖం తుడుచుకున్నాడు.

“ఏమందిరా ఆవిడ?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకపోతే మగాడివి ఆ ఏడుపేంటి?”

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. నెలీడా తలుపు సందులోంచి ఎతెల్వినాని చూసి టక్కున గడియ పెట్టేసుకుంది. దొంగ మొహం! ఎతెల్వినాకి ఒళ్ళు మండింది. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

“ఏటా మీ ఓడే ఎక్కుతాను. ఎప్పుడైనా నోరు తెరిచి ఒకటి అడిగానా?”

“లేదు సెన్యోరా. మీ మాట కాదంటామా!”

“ఆ ఎల్మెర్ బంగారం లాంటి మనిషి. మా ఎదురు గదిలో ఉన్న పిసినారిది అతన్ని పీక్కు తింటోంది. ఈ ప్రయాణం అయ్యేదాకా అతన్ని ఆ గది ఛాయలకి కూడా పంపకండి. ఉద్యోగానికి మాత్రం ఢోకా రాకూడదు.”

“ఇప్పుడే రెండో అంతస్తుకి మార్చేస్తాను.”

సాయంత్రం ఎదురు గదికి ఎవరో లావుపాటి ఆడమనిషి తువ్వాళ్ళు తెచ్చింది. నెలీడా గుమ్మంలో నిలబడి ఆమె భుజం మీదుగా నడవా చివరిదాకా చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. మొహం పాలిపోయింది.

“చాకిరీ చేసే దిక్కు లేకుండా పోయిందిగా, కుదిరింది రోగం!” అంది ఎతెల్వినా, వినపడేలాగే.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మర్నాడు పనిగట్టుకుని రెండో అంతస్తుకి దిగింది. ఎల్మెర్ ఓ గదిలో దుప్పటి మారుస్తున్నాడు. చేతిసంచి మూసేసి రవికెలోంచి పెద్ద నోటే తీసింది. అతని గుప్పిట్లో కుక్కింది.

“నేనే చెప్పి మార్పించానురా అబ్బాయ్. పీడ వదిలింది. ఇంక ఆ దయ్యం నీ జోలికి రాదు.”

ఎల్మెర్ నోటు వంక చూశాడు. చేతిలో దుప్పటి జారిపోయింది.

“మీరా అమ్మా?”

“నేనే. మరి ఎవరు చేస్తారు? అదేంటి, మళ్ళీ ఏడుస్తావేం?”

అతను నోటు తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు. నడవాలో ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“నేను పంపిన డబ్బులో మిగిల్చుకుని, నన్ను కళ్ళారా చూసుకోవడానికి ఓడెక్కిందమ్మా నా పెళ్ళాం.”