ఎర్రదారం చేప

వన్‌టౌన్ దర్జీ నజీర్ అహ్మద్ మిలటరీ స్కూలు పాత కోట్లు ఏరి తెచ్చి, కొత్తవాటిలా బాగుచేసి దాచుకుంటాడు. ఆ సంగతి విని జాలరిపేట నుంచి ముసలి పోతమ్మ వచ్చింది.

“ఆ ఇస్కూల్లో సదువుతుండగానే సచ్చిపోనాడు బాబూ నా కొడుకు. నలభయ్యేళ్ళయింది. ఆడి కోటు మా ఆయన పాతబట్టలోడికి ఇచ్చీసినాడు. కాలరు లోపల ఎర్రదారంతో సేప కుట్టినాను.”

నజీర్ తల వంచుకున్నాడు. “ఆ కుట్టు నానే ఇప్పీసినానమ్మా. అసలు యూనిఫాంలో అది ఉండదు కదా అని.”

“ఏ కోటుది?”

“గుర్తులేదు.”

ఆమె అక్కడున్న కోట్లన్నీ ఒక్కొక్కటే మొహానికి ఆనించుకుని వాసన చూసింది. అన్నీ సబ్బువాసనే.

“ఏదో ఒకటి ఇచ్చీ బాబూ,” అంది చివరికి. “మావోడిదే అనుకుంటాను.”