పారణకు అతిథి

ఇంటింటికీ మాట్లాడే మందుల పెట్టెలు వచ్చిన కాలమది. వేలు ఆనించిన మనిషి ఒంట్లో చక్కెర చూసి, తిన్నారా అని అడిగాకే ఆ పెట్టె ఇన్సులిన్ సూది ఇచ్చేది.

ఏకాదశి ఉపవాసంలో ఉన్న శేషారత్నమ్మ "తిన్నానే" అని బొంకింది. మూత తెరుచుకోలేదు.

"లేదు మామ్మగారూ. రోజూ వేసుకునే మోతాదు ఖాళీ కడుపున వేసుకుంటే పడిపోతారు. డాక్టరుగారిని అడిగి తగ్గించి ఇస్తాను."

"దేవుడికీ నాకూ మధ్య నువ్వెవరివే?" అని కసిరిందావిడ.

తగ్గించిన మందుకే సాయంత్రం కాళ్ళు వణికాయి. పెట్టె చెప్పినట్టు బెల్లం నీళ్ళు తాగి తేరుకుంది.

ద్వాదశినాడు అతిథికి పెట్టందే ఆవిడ ముద్ద ముట్టదు. మర్నాడు పెట్టె ముందే విస్తరి వేసి, వేడన్నంలో నెయ్యి వడ్డించింది.

"మామ్మగారూ, తిన్నారా?"

"ముందు నువ్వు కానివ్వు తల్లీ. నీ తరవాత నేను తింటాను. ఇవాళ అబద్ధం చెప్పనులే."