సీరియల్ అత్తగారి హెచ్చరిక

ఇకమీదట వరద హెచ్చరికలు సీరియల్లోని గయ్యాళి అత్తగారే చదువుతుందని, సమాచార శాఖలో అధికారి అయిన మా అల్లుడు భోజనాల దగ్గర ప్రకటించాడు.

“మామూలు మనిషి చదివితే జనం చానల్ మార్చేస్తున్నారత్తయ్యా. ఏటి ఒడ్డు వీధిలో టీవీలకు, ఎవరేం చూస్తున్నారో లెక్కగట్టే మీటర్లు బిగించి మరీ చూశాం. ఆవిడ కనిపిస్తే ఒక్కరూ కదలరు.”

“కదలాలనే కదా నాయనా హెచ్చరిక!” అన్నాను. ముసలావిడ చాదస్తం అనుకున్నాడేమో, నవ్వి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వానాకాలంలోనే ఒక సాయంత్రం, సీరియల్ మధ్యలో ఆవిడ కళ్ళెర్రజేసి, ఆనకట్ట గేట్లు ఎత్తేశారు, వెంటనే ఇళ్ళు ఖాళీ చేయండి అంది. ఆ వీధిలోనే ఉండే మా చెల్లెలికి ఫోన్ చేశాను.

“లేవవే! మనవల్ని తీసుకుని మెరక మీదికి నడు.”

“దాని మాట నువ్వెలా నమ్మావక్కా? నోరు తెరిస్తే అబద్ధం! మొన్న ఇల్లు కూలిపోతుందని చెప్పి కోడల్ని బయటికి గెంటలా? ఇప్పుడు ఊరి మీద పడింది. ఉండు, తర్వాతేమవుతుందో చూడనీ.”

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

చెల్లెలి శవం దొరికిన రోజున అల్లుడు నా పక్కన కూర్చుని ఓదార్చాడు. “నీళ్ళొచ్చి కరెంటు పోయేదాకా ఆ వీధిలో ఒక్కరూ చానల్ మార్చలేదత్తయ్యా.” అతనికి తెలిసిన ఓదార్పు అదే. ప్రమోషనూ వచ్చింది.

ప్రభుత్వ సంతాపాన్ని కూడా ఆవిడ చేతే చదివించారు. ఆ వీధి మీటర్ల లెక్కలో చూసినవాళ్ళు సున్నా. జనానికి ఆవిడ మీద మోజు తీరిపోయిందని శాఖవారు తేల్చారు.