మూత మీద బొమ్మ

ఐస్ దిమ్మ మధ్యలో మళ్ళీ నీళ్ళే ఉన్నాయి.

దుర్గారావు దాన్ని కాలితో తన్నాడు. దిమ్మ రెండుగా విరిగింది. లోపలి నీళ్ళు అతని చెప్పుల కిందుగా పారాయి.

సునామీ వచ్చి ఐదు వారాలైంది. పోర్ట్ బ్లెయిర్‌లో చేపల జెట్టీ పక్కనున్న ఆ ఐస్ ఫ్యాక్టరీలో బురద ఎత్తారు, మోటార్లు ఆరబెట్టారు, వైర్లు మార్చారు. మిషన్ తిరుగుతోంది. ఐస్ మాత్రం గట్టిపడటం లేదు.

"ఆదివారం పడవలు మళ్ళీ వేటకెళ్తున్నాయి," అన్నాడు యజమాని గణేశ్వరరావు. "ఆలోగా మంచి ఐస్ రాకపోతే తాళం వేసి కాకినాడ పోతాను. మీ దారి మీరు చూసుకోండి."

ఆ దారి చూసుకోవాల్సినవాళ్ళు పదకొండు మంది. మిషన్ చూసే దుర్గారావు ఒకడు, దిమ్మలు పగలగొట్టే అప్పలకొండమ్మ ఒకతె.

"పుస్తకంలో ఏటన్నా రాసుందేమో చూడండి సార్," అంది అప్పలకొండమ్మ.

మిషన్‌తో పాటు వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మేడమీద ఆఫీసు బీరువాలో ఉంది. ఏటా దసరాకి దాన్ని బయటికి తీస్తారు. మొదటి పేజీకి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ బీరువాలో పెడతారు.

"నాలుగొందల పేజీలు. ఆదివారానికి అట్ట కూడా దాటలేను," అన్నాడు గణేశ్వరరావు.

తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. వారం రోజులుగా పొద్దున్నే వచ్చి ఒక ముక్క ఐస్ అడిగి పట్టుకుపోతున్నాడు. బతు బస్తీలో చర్చి వెనక కూతురింట్లో ఉంటున్నానని చెప్పాడు. అంతకు మించి ఎవరూ అడగలేదు.

"తొట్టిలో ఉప్పు చూశారా బాబూ?" అన్నాడు.

మంచినీళ్ళ డబ్బాలను నిలబెట్టేది ఉప్పునీటి తొట్టిలోనే. ఆ ఉప్పునీళ్ళు బాగా చల్లబడితేనే డబ్బాల్లో నీళ్ళు గడ్డకడతాయి.

దుర్గారావు నవ్వాడు.

"సముద్రమే వచ్చి తొట్టిలో పడింది తాతా. ఇంక ఉప్పుకేటి లోటు?"

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"పనిలోకి రాగానే నీ చెయ్యి ముందు దేని మీద పడుతుంది?" అని అడిగాడు.

"ఈ తొట్టి మూత మీద. ఏం, హాథ్ దేఖ్‌కే జాతకం చెప్తావా?"

మర్నాడు ఆ చెక్క మూత మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ ఉంది. ఒక బకెట్టు. అందులో కోడిగుడ్డు తేలుతోంది. రూపాయి బిళ్ళంత మేర నీళ్ళ పైకి కనిపిస్తోంది. అక్షరం ముక్క లేదు.

"తాతకి పని లేదు," అని దుర్గారావు తడిగుడ్డతో తుడిచేశాడు.

బుధవారం మళ్ళీ అదే బొమ్మ. మళ్ళీ తుడిచాడు.

గురువారం గుడ్డ ఎత్తగానే అప్పలకొండమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు భయ్యా. ఉప్పుచేప ఊరేసే కుండలో మా అత్త గుడ్డేసి చూసేది. తేలితేనే ఉప్పు చాలినట్టు."

"అది చేపకి దీదీ. ఇది మిషన్."

"ఉప్పుకేటి తెలుసు, చేపో మిషనో."

ఇంటికని కొన్న గుడ్లలోంచి ఒకటి తీసింది. బకెట్టుతో తొట్టి నీళ్ళు ముంచి, అందులో వేసింది. గుడ్డు అడుక్కి పోయి కూర్చుంది.

ఆమె జెట్టీకి వెళ్ళి ఇంకో బకెట్టుతో సముద్రం నీళ్ళు తెచ్చింది. గుడ్డు అందులోనూ మునిగింది.

దుర్గారావు రెండు బకెట్ల వైపూ మార్చి మార్చి చూశాడు.

"అంటే సముద్రం ఉప్పు తెచ్చిపెట్టలేదు," అన్నాడు మెల్లిగా. "మన ఉప్పుని పల్చన చేసి పోయింది."

ముప్ఫై బస్తాల ఉప్పు దిగింది.

"సముద్రం పక్కన కూర్చుని ఉప్పు కొంటున్నాను," అని గణేశ్వరరావు తల పట్టుకున్నాడు.

శుక్రవారం ఉదయం గుడ్డు తేలింది. రూపాయి బిళ్ళంత మేర పైకి కనిపించింది. అప్పలకొండమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

శనివారం సాయంత్రం తీసిన దిమ్మను దుర్గారావు కాలితో తన్నాడు. దిమ్మ కదల్లేదు. అతను ఒంటికాలి మీద గెంతుతూ ఫ్యాక్టరీ అంతా తిరిగాడు, నవ్వుతూనే.

ఆదివారం తెల్లవారి పడవలు కడుపునిండా ఐస్‌తో బయల్దేరాయి. జెట్టీ మీద ఎవరో డప్పు కొట్టారు.

దుర్గారావు ఒక దిమ్మను గోనెలో చుట్టి, ఆటోలో పెట్టి, బతు బస్తీకి పట్టుకెళ్ళాడు.

"తాత ఉన్నారామ్మా?"

"మా నాన్న గురునాథం గారేనా?" అంది కూతురు. "నిన్ననే వైజాగ్ షిప్ ఎక్కేశారు భయ్యా. సునామీ తర్వాత మమ్మల్ని చూడ్డానికొచ్చారు."

ఆ దిమ్మను మోసి వెనక్కి తేలేక అక్కడే పగలగొట్టాడు. వీధి వీధంతా నిమ్మకాయ షర్బత్ తాగింది.

తిరిగొచ్చి తొట్టి మూత ఎత్తి తుడవబోతే, ఐస్ హడావిడిలో ఎవరూ చూడని లోపలివైపు సుద్దరాత కనిపించింది. ఈసారి అక్షరాలే.

"మొదటే ఈ మూత మీద రాయాల్సింది."

దుర్గారావుకి అర్థం కాలేదు. అయినా తుడవబుద్ధి కాలేదు. పడవలకు వేసే నీలం రంగు తెచ్చి, లోపలి రాత మీదా, పైన బొమ్మ మీదా గీత తప్పకుండా దిద్దాడు.

దసరా వచ్చింది. బీరువాలోంచి పుస్తకం దిగింది.

"ఈసారి బొట్టు మూతకి పెడదాం సార్," అన్నాడు దుర్గారావు. "పుస్తకం చదవండి. ఒక్కో ముక్కా ఎక్కడ గీయాలో నేను చూసుకుంటా."

గణేశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తీశాడు. ఇరవయ్యేళ్ళుగా పేరుకున్న కుంకుమ కింద ఏవో అక్షరాలు అణిగి ఉన్నాయి. గోటితో మెల్లగా గీకి, ఒక్కో ఇంగ్లీషు అక్షరమే కూడబలుక్కుంటూ, ఆ పుస్తకం రాసినాయన పేరు పైకి చదివాడు.

"గు... రు... నా... థం."