చెప్పిన పది రోజులు

చెరువు నిండి చేపలొచ్చేదాకా అని ఒక కొంగ గేదె వీపు మీద పిడుదులు ఏరే పనికి కుదిరింది. గేదె పెట్టిన షరతు ఒక్కటే. "మానేసేటట్టయితే పది రోజుల ముందు చెప్పు పిల్లా. ఇదివరకటి కాకి చెప్పకుండా పోతే నా చెవి పుండైపోయింది."

వానలు పడ్డాయి, చెరువు నిండింది. "అక్కా, ఇవాళ్టి నుంచి పది రోజులే ఉంటాను," అంది కొంగ బెరుగ్గా.

"చెప్పావు కదా, అంతే చాలు," అంది గేదె.

మూడో రోజు పొద్దున కొంగ వచ్చేసరికి దొడ్డిలో గేదె లేదు. నిన్న సాయంత్రం ఎవరో కొనుక్కుని తోలుకుపోయారని కోడి చెప్పింది.

"నాతో ఒక్క మాటైనా అనలేదే," అంది కొంగ.

"దానికి మాత్రం ఎవరు చెప్పారు?" అంది కోడి.

కొంగ చెరువు వైపు పోలేదు. గేదెను కట్టే గుంజ మీద వాలి, మిగిలిన ఎనిమిది రోజులూ అక్కడే కూర్చుంది.