కోడలి దగ్గు

కోడలు మళ్ళీ దగ్గింది. అదీ అత్తగారి గదిలో అడుగు పెట్టీ పెట్టగానే.

అత్తగారికి ఒళ్ళు మండింది. వంటింట్లో దగ్గదు. టీవీ ముందు గంటలు గంటలు కూర్చున్నా దగ్గదు. పుట్టింటికి వెళ్తే దగ్గన్న మాటే ఉండదట. ఈ గదిలోకి వచ్చేసరికి మాత్రం చున్నీ నోటికడ్డం పెట్టుకుని, మనిషి మెలికలు తిరిగిపోయేలా దగ్గుతుంది.

"నా మొహం చూస్తేనే దగ్గొస్తోందా అమ్మాయ్?"

"అయ్యో, మీ మొహానికేం అత్తయ్యా! ఈ గదిలోనే ఏదో ముక్కిన వాసన..."

"నా గదిలో వాసనా!"

రోజూ తడిగుడ్డతో తుడుచుకునే గది. బీరువా వెనక గోడకి కాసిని నల్లమచ్చలుంటే ఉండొచ్చు. అవి తేలినప్పుడల్లా ఆవిడే ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో రంగు పూసేసేది. వానలకి మళ్ళీ తేలేవి. మళ్ళీ పూసేది. గోడలన్నాక మచ్చలుండవా?

కొడుకు ఊరుకోలేదు. "ఎవరికైనా చూపిద్దామమ్మా. నీకూ మెట్లెక్కితే ఆయాసమొస్తోంది కదా."

"నా ఆయాసం వయసుది. దానికి గోడలు పగలగొడతార్రా?"

ఈ మాటతో వాడి నోరు ఇదివరకే చాలాసార్లు మూయించింది. డాక్టరు ఊసెత్తితే పూటంతా మూతి ముడుచుకు కూర్చునేది. కానీ ఇప్పుడు దగ్గుతున్నది పరాయింటి పిల్ల. రేపు దానికేదైనా అయితే, కోడల్ని గాలికొదిలేసిందని నలుగురూ బుగ్గలు నొక్కుకోరూ?

"సరే, ఏడవండి. పిలవండి ఎవరినో."

ఒకావిడ వచ్చింది. ఇళ్ళలో బూజు తొలగించడమే ఆవిడ వృత్తి అని కొడుకు చెప్పగానే అత్తగారు పక్కున నవ్వింది.

"పొడుగు కర్ర చీపురు నా దగ్గరా ఉంది. దీనికో మనిషిని పెట్టుకోవాలా?"

"ఆ బూజు కాదండీ," ఆవిడా నవ్వేసింది. "సాలెపురుగుది కాదు, తేమకి పుట్టేది. నిలవున్న రొట్టె మీద పడుతుందే, ఆ జాతి."

బీరువా జరిపించింది. మూతికి మాస్కు తగిలించుకుని, గోడకి చిన్న మీటరేదో ఆనించి చూసింది. బుడగలా ఉబ్బిన రంగుని మెల్లిగా లేపింది. కిందున్నది చూసి అత్తగారు రెండడుగులు వెనక్కేసింది. నేల నుంచి నడుమెత్తు దాకా, కాటుక పులిమినట్టుంది.

"మీరు పూసిన రంగు దీనికి దుప్పటి కప్పినట్టయిందండీ. లోపల హాయిగా పెరిగింది. గోడవతల బాత్రూం పైపు కారుతోంది. ముందు అది ఆగాలి. ఆగకపోతే నేనెంత తీసినా మళ్ళీ వస్తుంది. ఈ గదిలో పడుకునేదెవరు?"

"నేనే."

"దీన్నుంచి కంటికి కనబడని పొడి గాల్లోకి లేస్తుంది. కొందరిని ఏమీ చెయ్యదు. కొందరికి దగ్గు, ఆయాసం. మీకెలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను! బాధంతా మా కోడలికే."

గుమ్మంలో నిలబడ్డ కోడలు వెంటనే దగ్గింది.

పని అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఉండకూడదంది ఆ నిపుణురాలు. అత్తగారు గొణుక్కుంటూనే వియ్యపురాలింటికి మకాం మార్చింది. మనసాగక ఒకరోజు చూడ్డానికొస్తే, తన గదిలోకి తనకే దారి లేదు. తలుపుకి ప్లాస్టిక్ తెర. కిటికీలో గాలిని బయటికి లాగేసే ఫ్యాను. లోపల కళ్ళూ ముక్కూ మూతీ కప్పుకున్న మనుషులు నానిన ప్లాస్టరు చెక్కి సంచుల్లో కట్టేస్తున్నారు. ఓ పెద్ద సంచిలోంచి అత్తగారి దూది పరుపు తొంగిచూసింది.

"పరుపేం చేసిందమ్మా మిమ్మల్ని?" తెరకి ఇవతల నుంచే అరిచింది.

"దాన్నిండా అదేనండీ. ఉతికినా పోదు!"

అయినవాళ్ళని సాగనంపినట్టు సంచి వైపోసారి చూసి, వెనక్కి తిరిగింది.

పైపు బాగైంది. గోడ పూర్తిగా ఆరాక కొత్త ప్లాస్టరు పడింది. అందరూ ఇంటికొచ్చారు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే గానీ అత్తగారికి తట్టలేదు, రాత్రి ఒక్కసారి కూడా ఊపిరాడక లేచి కూర్చోలేదని. ఆ వారంలోనే డాబా మీద బట్టలారేసి వచ్చింది. కిందికి దిగాక గుర్తొచ్చింది, ఎక్కేటప్పుడు మధ్యలో ఎక్కడా ఆగలేదని. కొత్త పరుపు మహిమేమో అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

కోడలిప్పుడు ఆ గదిలోనే కాళ్ళు చాపుకుని కూర్చుని కబుర్లు చెబుతోంది. దగ్గు లేదు, పొడి తుమ్మయినా లేదు.

అది చూసి అత్తగారి మనసు చివుక్కుమంది. నిజంగా బాధపడుతున్న పిల్లని నోటికొచ్చినట్టు దెప్పింది తను. ఆ మాట కోడలి ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. వియ్యపురాలికి ఫోన్ చేసింది.

"వదినగారూ, మీ అమ్మాయికి దగ్గు పూర్తిగా పోయింది. పాపం, ఎంత అవస్థ పడిందో! నేనే మొండికేసి ఆలస్యం చేశాను. మీరింక దాని గురించి బెంగ పెట్టుకోకండి."

అవతలి నుంచి నవ్వాపుకోలేక అవస్థ పడుతున్న చప్పుడు వినిపించింది.

"దాని దగ్గుకి నాకు బెంగెందుకు వదినగారూ, మీ ఆయాసం చూడలేక, మీ కోసమంటే మీరా గోడ ముట్టుకోనివ్వరని, అద్దం ముందు నిలబడి అది దగ్గడం నేర్చుకుంది మా ఇంట్లోనేగా!"