పరదేశం సంబళం

మూడు ఉద్యోగాలు ఒకే వారంలో వచ్చిపడ్డాయి. మూడూ పరదేశంలోనే.

మూడేళ్ళుగా ఒక్కటీ రాని లోకనాథన్‌కు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అతను కష్టపడి నేర్చుకున్నది ఇంగ్లీషు. పుట్టి పెరిగింది పుదుచ్చేరి మూలకుళంలో. ఏలేవాళ్ళు ఫ్రెంచి దొరలు. కచేరీ బంట్రోతు కూడా "బోంజూర్" అంటే తప్ప తలెత్తని ఊళ్ళో ఇంగ్లీషు ఎవరికి కావాలి? అందుకే ఇంగ్లీషు చెప్పించుకునే దేశాలన్నిటికీ అర్జీలు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. తల్లి అమ్మాయమ్మ, భార్య కనకం, మేనమామ పట్టాభిరామన్. మేనమామను పిలవక తప్పలేదు. వాళ్ళ బంధువుల్లో పరదేశం చూసొచ్చినవాడు ఆయనొక్కడే.

"సైగానులో ఒక షావుకారు బిడ్డలకి ఇంగ్లీషు చెప్పాల. నెలకి యాభై రూపాయలు" అన్నాడు లోకనాథన్.

అమ్మాయమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"తొందరపడొద్దు అక్కా" అన్నాడు పట్టాభిరామన్. "సంబళం ఒకటే చూస్తే ఎట్ల? ఆడ బాడుగ ఏంది, బియ్యం ఏంది, అది అడుగు."

బాడుగ ఇరవై. తిండికి పదిహేను. చాకలికీ మంగలికీ కలిపి ఐదు.

"ఓడలో పోయినన్ని దినాలూ వాంతులు" అన్నాడు మామ. "అది లెక్కలోకి రాదు. అయినా బాధ బాధే గదా."

సైగాను పోయింది.

రంగూనులో ముప్ఫై అయిదు. బియ్యం చవక. కానీ అక్కడ ప్రతి కూరలోనూ ఊరబెట్టిన చేప వేస్తారని మామ ఎక్కడో విన్నాడు.

"మనం చేప తినమా ఏంది?" అంది అమ్మాయమ్మ.

"తింటాం. ఈ దినం చచ్చింది తింటాం. పోయినేడు చచ్చింది తినం."

రంగూనూ పోయింది.

మిగిలింది ఇంగ్లీషు రాజ్యం. అక్కడి బడిలో పంతులు పని. జీతం ఇరవై రెండు. పంతులు ఆ రాజ్యంలోనే కాపురం ఉండాలని షరతు. కనకానికి ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి పొలిమేర దాటకూడదు కాబట్టి అతను ఒంటరిగా పోవాల్సిందే.

పట్టాభిరామన్ గొంతు సవరించుకున్నాడు. "నేను చూసిన దేశం అదే. పెళ్ళికి పోయినా. ఒక పూట ఉన్నా. చాలు."

"ఎట్లుంటాది మామా?"

"ఉప్పు పిరెం, ఈడికి రెండింతలు. సారాయి ఇంకా పిరెం. మన ఫ్రెంచి దొరల జూలై పద్నాలుగు పండగ వాళ్ళకి లేదు, ఆ దినం గూడా బడి తెరుస్తారు. నీళ్ళు వేరే. తిరిగొచ్చినాక మూడు దినాలు నాకు కడుపు నిలవలే."

"పెళ్ళి బోజనానికి రెండు పంక్తుల్లో కూర్చుంటే ఎవురికి నిలస్తాది?" అంది అమ్మాయమ్మ.

"నీళ్ళే అక్కా."

"వండి పంపిస్తే బిడ్డకి తిండి కర్చన్నా తగ్గతాది" అంది అమ్మాయమ్మ.

"సుంకమోడు గిన్నె మూత తీసి వేలు పెట్టి చూస్తాడు. వాడి వేలు మునిగిన చారు తాగతాడా నీ కొడుకు?"



కనకం వేళ్ళు మడుస్తూ మెల్లగా అంది. "వచ్చేది కాదత్తా, మిగిలేదే సంబళం. సైగాను యాభైలో మిగిలేది పది. ఈ ఇంగ్లీషు రాజ్యంలో బాడుగ నాలుగు, తిండి ఎనిమిది పోతే మిగిలేదీ పదే. వాంతులు లేవు. బాడుగిల్లు గూడా తెలిసినోళ్ళదే."

మామ లేచి, ప్రయాణానికి మంచి దినం చూడటానికి పంచాంగం తీశాడు.

ప్రయాణం రోజు వీధి వీధంతా కదిలి వచ్చింది. అమ్మాయమ్మ కొడుకు చేత మూడు ప్రమాణాలు చేయించుకుంది. మతం మారనన్నాడు. ప్యాంటు తొడగనన్నాడు. మూడోది అడిగే ముందు ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"ఆడ దొరసానులు ఉంటారా?"

"నాకు కనబడలే. పెళ్ళి సందడి" అన్నాడు పట్టాభిరామన్.

ఎందుకైనా మంచిదని దొరసాని జోలికి పోనని కూడా ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత కొడుకును పట్టుకుని భోరుమంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కళ్ళొత్తుకున్నారు. కనకం మాత్రం ఏడవలేదు. మొగుడు పరదేశం పోతుంటే కంట తడైనా లేదే అని వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

సామానుతో సరిహద్దు దాటాలంటే వేరే దారి లేదు కాబట్టి, ఎద్దుబండి ఊరి చివర సుంకం చావడి దాకా వెళ్ళింది. అక్కడ ట్రంకుపెట్టె విప్పించారు. పంచెలు దులిపారు. కారప్పొడి డబ్బా వాసన చూసిన అధికారి తుమ్మి తుమ్మి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన తేరుకుని కాగితం మీద ముద్ర వేసేసరికి మధ్యాహ్నం దాటింది.

లోకనాథన్ కుడికాలు ముందు పెట్టి పరాయి రాజ్యంలో అడుగుపెట్టాడు.  గాలి కూడా వేరుగా ఉన్నట్టనిపించింది. మామ మాట గుర్తుకొచ్చి, దాహమేసినా నీళ్ళు తాగలేదు.

చుట్టు తిరిగి బాడుగ ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. తాళం తీస్తే లోపల మోకాలి లోతు దుమ్ము. ఊడ్చే ఓపిక లేక అరుగు మీద చతికిలబడ్డాడు. ఇంగ్లీషు రాజ్యంలో మొదటి సాయంత్రం. తన మనిషి ఒక్కరూ లేరు. ఈ వేళకు కనకం ఇంట్లో దీపం పెడుతూ ఉంటుందనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే, ఫ్రెంచి రాజ్యానికీ ఇంగ్లీషు రాజ్యానికీ సరిహద్దయిన ఆ ఇరుకు వీధికి అవతలి పక్కన, ఎదురుగా ఉన్న తమ ఇంటి గుమ్మంలో దీపం పెట్టి నడుము నిమురుకుంటూ లేచిన కనకం, "ఏమండీ, ఆ దేశంలో చీపురుందా, ఈణ్నించి విసిరేదా?" అని అడిగింది.